వాడ నిలిస్తేనే ఇల్లు

2006 జనవరి 11న అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో 'టైమ్స్-పికయూన్' పత్రిక ఒక పటం అచ్చువేసింది. కత్రినా తుపాను వచ్చి వెళ్లి అప్పటికి నాలుగున్నర నెలలు. నగర పునర్నిర్మాణం కోసం మేయర్ రే నాగిన్ వేసిన కమిషన్ తయారుచేసిన పటం అది. ముంపునకు గురైన కొన్ని ప్రాంతాల మీద పెద్ద పెద్ద ఆకుపచ్చ చుక్కలు పెట్టి, ఇవి మున్ముందు పార్కులుగా, పచ్చని ఖాళీ జాగాలుగా మారవచ్చని సూచించారు. ఆ చుక్కల కింద వేల ఇళ్లున్నాయి. వాటిలో ఉండాల్సిన జనం హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో బంధువుల ఇళ్లలో, హోటల్ గదుల్లో తలదాచుకుంటున్నారు. ప్రతి పేటా తాను మళ్లీ బతికి బట్టకట్టగలనని నాలుగు నెలల్లో రుజువు చేసుకోవాలని, అంతదాకా బాగా మునిగిన చోట్ల ఇళ్ల మరమ్మతులకు అనుమతులు ఆపాలని కమిషన్ సిఫారసు చేసింది. జనం భగ్గుమన్నారు. ఎన్నికల ముంగిట ఉన్న మేయర్ వెనక్కి తగ్గి, ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకోవచ్చన్నారు. పటం మూలన పడింది గానీ అది లేపిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది. తుపాను తర్వాత ప్రభుత్వం నిలబెట్టాల్సింది ఇంటినా, వాడనా? ఇల్లయితే లెక్క తీయడం సులువు, చెక్కు రాయడం సులువు. అందుకే ఏ దేశంలోనైనా సర్కారు చూపు ఇంటి దగ్గరే ఆగిపోతుంది. ఇంటికి డబ్బిచ్చి వాడను గాలికి వదిలేస్తే ఆ ఇల్లు కూడా నిలవదని న్యూ ఆర్లియన్స్ రెండు దశాబ్దాల అనుభవం చెబుతోంది.

కత్రినాను ప్రకృతి వైపరీత్యాల ఖాతాలో వేయడం మనకు అలవాటు. న్యూ ఆర్లియన్స్‌ను ముంచింది మాత్రం ప్రధానంగా మనుషులు కట్టిన గోడల వైఫల్యమే. 2005 ఆగస్టు 29న తుపాను లూసియానా తీరం దాటినప్పుడు దాని తీవ్రత మూడో కేటగిరీ. ఉప్పెన నీరు కాలువల్లోకి ఎగదన్నడంతో 17వ వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువ, ఇండస్ట్రియల్ కెనాల్ గట్లు తెగాయి. నగరంలో 80 శాతం మునిగింది. వారాల తరబడి నీరు తీయలేదు. నీరు పైనుంచి పొర్లకముందే కొన్ని గోడలు కూలాయని, అందుకు డిజైన్ లోపమే కారణమని వాటి బాధ్యత చూసే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ 2006 జూన్‌లో ఒప్పుకోక తప్పలేదు. మృతులు 1,833 మంది అని చాలాకాలం లెక్క చెప్పారు. 2023లో జాతీయ హరికేన్ కేంద్రం ఆ సంఖ్యను 1,392కు సవరించింది. ఆస్తి నష్టం 12,500 కోట్ల డాలర్లు. 2000 జనగణనలో 4,84,674 మంది ఉన్న నగరంలో 2010 నాటికి 3,43,829 మందే మిగిలారు. 2020లోనూ నాలుగు లక్షలు దాటలేదు. అయితే నగరమంతటికీ కలిపి తీసిన ఈ అంకెలు అసలు సంగతిని కప్పేస్తాయి. ఒకే నీటిలో మునిగిన పేటల్లో కొన్ని రెండేళ్లలో కోలుకున్నాయి, కొన్ని ఇరవై ఏళ్లయినా కోలుకోలేదు. నీటి లోతు ఒక్కటే కారణమైతే ఇంత తేడా ఉండేది కాదు.

తిరిగి రావాలా వద్దా అని తేల్చుకోవాల్సిన కుటుంబం ఎలా ఆలోచిస్తుందో చూద్దాం. చేతిలో కొంత సొమ్ము ఉందనే అనుకుందాం. ఇల్లు బాగుచేసుకోవచ్చు. కానీ పక్కింటివాళ్లు వస్తారా? పిల్లల బడి తెరుస్తారా? పాలు, బ్రెడ్డు ఎక్కడ దొరుకుతాయి? ముసలివాళ్లకు రాత్రివేళ గుండె పట్టేస్తే ఎవరిని పిలవాలి? ఈ ప్రశ్నలకు జవాబు ఆ కుటుంబం చేతిలో లేదు. ఇరుగుపొరుగూ సరిగ్గా ఇదే ఆలోచిస్తూ ఎదురుచూస్తుంటారు. జనం వస్తారని తేలితే తీగలు లాగుతామని కరెంటు కంపెనీ అంటుంది. కరెంటు ఇస్తే వస్తామని జనం అంటారు. పిల్లలుంటే బడి తెరుస్తామని ఒకరు, బడి ఉంటే పిల్లల్ని తెస్తామని మరొకరు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదన్నట్టు తయారవుతుంది వ్యవహారం. ఒంటరిగా ముందు దూకినవాడు నష్టపోతాడు. వీధిలో ఒక్క ఇంట్లో దీపం వెలుగుతుంది, అటూ ఇటూ నాలుగేసి ఇళ్లు పాడుబడి తుప్పలు పెరుగుతాయి. దొంగల భయం, పాముల భయం, ఇంటికి మార్కెట్ ధర లేదన్న బెంగ. ఏడాదో రెండేళ్లో చూసి ఆ ఒక్కడూ వెళ్లిపోతాడు. ఎవరి చేతికి వారికి చెక్కు ఇచ్చినంత మాత్రాన ఈ చిక్కు విడదు. నలుగురూ ఒకరి మనసు ఒకరికి తెలుపుకుని, ఒకే సమయంలో కదలగలిగిన చోటే విడుతుంది.

దీనికి మంచి నిదర్శనం నగరం తూర్పు అంచున ఉన్న విలేజ్ డి లెస్ట్. 1975లో సైగాన్ పతనమయ్యాక శరణార్థులుగా వచ్చిన వియత్నాం క్యాథలిక్కుల పేట అది. వాళ్ల పెద్దల్లో చాలామంది 1954లో ఉత్తరాది పల్లెలు వదిలి దక్షిణానికి వచ్చినవాళ్లు, 1975లో దేశమే వదిలినవాళ్లు. కత్రినా వాళ్లకు మూడో పరుగు. వాళ్లు ధనికులు కారు. చేపలు, రొయ్యల వేట, చిన్న దుకాణాలు, పెరటి కూరగాయలు, ఇవే బతుకుతెరువు. అయితే వాళ్లందరికీ 'మేరీ క్వీన్ ఆఫ్ వియత్నాం' చర్చి ఒకటుంది. విచారణ గురువు ఫాదర్ వియెన్ న్గుయెన్ టెక్సస్, ఆర్కాన్సాస్ రాష్ట్రాల శిబిరాలకు స్వయంగా వెళ్లి తన వాళ్లెవరు ఎక్కడున్నారో ఆరా తీశారు. అక్టోబరు నెలలోనే, కరెంటు కూడా లేని పేటలో, పూజ మొదలుపెట్టారు. వినియోగదారులు లేనిదే సరఫరా ఇవ్వలేమని విద్యుత్ సంస్థ అంటే, వస్తామని మాటిచ్చిన వందల కుటుంబాల పేర్లు జాబితా రాసి చేతిలో పెట్టారు. దీపం వెలిగింది. ఆ చర్చి ఇచ్చింది మతపరమైన ఓదార్పు ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఎవరు వస్తున్నారో, ఎప్పుడు వస్తున్నారో అందరికీ తెలిసే చోటు అది. రెండేళ్లు తిరిగేసరికి వియత్నాం కుటుంబాల్లో అత్యధిక భాగం ఇళ్లు చేరాయి. 2006లో అత్యవసర అధికారాల పేరుతో నగరపాలన ఆ పేట పక్కనే తుపాను శిథిలాల డంపింగ్ యార్డు తెరిస్తే, ఎన్నడూ రోడ్డెక్కని ముసలివాళ్లు కూడా ధర్నాకు దిగి ఆగస్టుకల్లా దాన్ని మూయించారు. అదే పేటలో ఉన్న నల్లజాతి కుటుంబాలు మాత్రం అంత త్వరగా తిరిగి రాలేదు. ఆ కుటుంబాలన్నిటినీ వెతికి ఒక్కచోట చేర్చే అంత పెద్ద ఉమ్మడి వేదిక వాళ్లకు లేకపోయింది.

రెండో నిదర్శనం బ్రాడ్‌మూర్. నగరం నడిబొడ్డున పళ్లెంలా లోతుగా ఉండే ఈ పేటలో కత్రినాకు ముందు సుమారు ఏడు వేల మంది ఉండేవారు. నల్లవారే ఎక్కువ, తెల్లవారూ ఉన్నారు. ఒక వీధిలో పెద్ద బంగళాలు, పక్క వీధిలో అద్దె వాటాలు. ఆకుపచ్చ చుక్క ఈ పేట మీద కూడా పడింది. పటం వెలువడిన కొద్ది రోజుల్లోనే పాత నివాసుల సంఘం సభ పెట్టింది. వీధికో బాధ్యుణ్ని నియమించి, ఏ ఇంటివాళ్లు ఎక్కడున్నారు, వస్తారా రారా, ఇల్లు ఏ స్థితిలో ఉంది అని ఇల్లిల్లూ సర్వే చేశారు. ఆ వివరాలతో సొంతంగా పునర్నిర్మాణ ప్రణాళిక రాసుకున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు, స్వచ్ఛంద సేవకులు తోడు నిలిచారు. ప్రణాళికలో మొదట పెట్టుకున్నవి బడి, గ్రంథాలయం వంటి ఉమ్మడి చోట్లు. విల్సన్ పాఠశాల 2010లో సొంత భవనంలో తెరుచుకుంది. రోసా కెల్లర్ గ్రంథాలయం 2012లో కమ్యూనిటీ సెంటర్‌తో కలిసి తిరిగి మొదలైంది. 2010 నాటికే పాత జనాభాలో సుమారు నాలుగింట మూడొంతుల మంది పేటలో ఉన్నారు. ఆనాడు ఆ సంఘాన్ని నడిపిన లటోయా కాంట్రెల్ 2018లో న్యూ ఆర్లియన్స్ తొలి మహిళా మేయర్ అయ్యారంటే, వాడ పని ఎంత రాజకీయ బలాన్ని ఇస్తుందో తెలుస్తుంది. జాబితా అనేది మామూలు కాగితమే. ఎవరెవరు వస్తున్నారో రాతపూర్వకంగా కనిపించాకే మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది, అధికారులకూ కాదనడానికి వీల్లేకపోయింది.

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం సబబైనదే. కట్టుబాటు ఉంటే చాలు, పేటలు వాటంతట అవే లేస్తాయంటే, లేవనివాళ్లలో కట్టుబాటు లేదని నింద మోపినట్టే కదా? లోయర్ నైన్త్ వార్డ్ ఈ నిందకు జవాబు. దాదాపు అందరూ నల్లజాతి శ్రామికులే ఉన్న ఈ పేటలో సొంత ఇళ్లున్నవారి శాతం నగర సగటు కన్నా ఎక్కువ. తాతల నాటి ఇళ్లు, వీధి వీధికీ చర్చి, తరాల చుట్టరికాలు. బంధాలకు కొదవ లేదు. అయినా 2000లో పద్నాలుగు వేల జనాభా ఉన్న చోట 2010 లెక్కల్లో మూడు వేల మంది కూడా తేలలేదు. ఇండస్ట్రియల్ కెనాల్ గోడ తెగినప్పుడు వచ్చిన నీటి వేగానికి ఇళ్లు పునాదులతో సహా కొట్టుకుపోయాయి. ఆ తర్వాత నెలల తరబడి జనాన్ని చూసి వెళ్లడానికే తప్ప ఉండడానికి అనుమతించలేదు. మంచినీరు, కరెంటు అన్ని పేటలకన్నా ఆలస్యంగా వచ్చాయి. వాళ్లు కలిసి కదలడానికి సిద్ధంగానే ఉన్నారు, కదిలే దారినే మూసేశారు. తర్వాత హాలీవుడ్ నటుడు బ్రాడ్ పిట్ స్థాపించిన 'మేక్ ఇట్ రైట్' సంస్థ అక్కడ 150 ఇళ్లు కడతామని ప్రకటించి 109 కట్టింది. పేరున్న ఆర్కిటెక్టుల డిజైన్లు. వాటిలో అనేకం కొన్నేళ్లకే నీళ్లు కారి, కలప కుళ్లి కోర్టుకెక్కాయి. కట్టడం గట్టిగా ఉన్నా కూడా, చుట్టూ కొట్టూ ఆసుపత్రీ లేని ఖాళీ జాగాల మధ్య ఆ ఇళ్లు ఒక పేటగా మారడం కష్టమయ్యేది. కాబట్టి నా వాదన ఇది: బంధాలు లేకుండా వాడ లేవదు, బంధాలు ఒక్కటే ఉన్నా లేవదు. ఆ బంధాలకు ప్రభుత్వం దారి ఇచ్చిందా, అడ్డం పడిందా అన్నది ఫలితాన్ని తేల్చుతుంది.

అడ్డం పడడం ఎలా ఉంటుందో 'రోడ్ హోమ్' పథకం చూపించింది. లూసియానా రాష్ట్రం 2006లో మొదలుపెట్టిన ఈ పథకం కింద సుమారు 1.3 లక్షల మంది ఇంటి యజమానులకు దాదాపు 900 కోట్ల డాలర్లు ఇచ్చారు. సొమ్ము తక్కువేమీ కాదు. లెక్క కట్టిన తీరే తిరకాసు. తుపానుకు ముందు ఇంటి మార్కెట్ విలువ, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాని ఆధారంగా, లక్షన్నర డాలర్ల గరిష్ఠ పరిమితితో సాయం ఇచ్చారు. సిమెంటు, చెక్క, కూలి ధరలు పేదపేటలోనూ సంపన్నుల పేటలోనూ ఒకటే. నల్లజాతి పేటలో ఉన్నందుకు అదే రకం ఇంటికి మార్కెట్ ధర తక్కువ. దాంతో పేదలకు అందిన సొమ్ము గోడలు లేపడానికి కూడా చాల్లేదు. 2008లో ఫెయిర్ హౌసింగ్ సంస్థలు దీన్ని వివక్షగా చూపుతూ కోర్టుకు వెళ్లాయి. 2011లో కుదిరిన రాజీ కింద మరో 6.2 కోట్ల డాలర్లు కేటాయించారు. అప్పటికి ఆరేళ్లు గడిచాయి. 2022లో ప్రొపబ్లికా అనే వార్తాసంస్థ రెండు స్థానిక వార్తాసంస్థలతో కలిసి లెక్క తీస్తే, సాయాలన్నీ పోను నగరంలోని అతిపేద ప్రాంతాల వారు పునర్నిర్మాణ ఖర్చులో 30 శాతం సొంతంగా భరించాల్సి వచ్చిందని, బాగా సంపన్న ప్రాంతాల్లో అది 20 శాతమేనని తేలింది. దీనికి తోడు కాగితాల గొడవ. తాత పేరు మీదే ఉండిపోయిన ఇళ్లు లోయర్ నైన్త్ వార్డ్‌లో ఎన్నో. వారసులంతా సంతకాలు పెట్టి హక్కు తేల్చుకునేదాకా సాయం అందలేదు. ముటేషన్ చేయించుకోని భూముల బాధ తెలిసిన మన పాఠకులకు ఈ కష్టం విడమరచి చెప్పనక్కర్లేదు.

కాగితం ఉన్నవాళ్లకే ఇంత కష్టమైతే, ఏ కాగితమూ లేని అద్దెదారుల సంగతేమిటి? తుపానుకు ముందు నగర కుటుంబాల్లో సగానికి పైగా అద్దె ఇళ్లలోనే ఉండేవి. హోటళ్లలో వంట చేసేవారు, ఆసుపత్రుల్లో ఆయాలు, బాజా వాయించేవారు, బస్సు డ్రైవర్లు. నగరాన్ని నడిపేది వీళ్లు. సాయం మాత్రం ఇంటికి, అంటే యజమానికి. అద్దె వాటాలు బాగుచేసే యజమానులకు వేరే పథకం పెట్టినా అది నత్తనడకే. పైగా 2007 డిసెంబరులో నగర కౌన్సిల్ నాలుగు పెద్ద ప్రభుత్వ గృహ సముదాయాలను, సుమారు 4,500 వాటాలను, కూల్చడానికి ఏకగ్రీవంగా ఓటేసింది. వాటిలో చాలా భవనాలు బాగుచేస్తే నిలబడేవేనని నివాసులు మొత్తుకున్నారు. పేదరికం ఒక్కచోట పోగుపడడం మంచిది కాదని, అన్ని ఆదాయాలవారూ కలిసుండే కొత్త సముదాయాలు కడతామని అధికారులు చెప్పారు. ఆ సిద్ధాంతంలో కొంత నిజం ఉండవచ్చు. కానీ జనం ఊళ్లో లేని సమయం చూసి, వాళ్లకు మరో నీడ చూపించకుండా కూల్చడం పేదరికాన్ని తగ్గించదు, పేదల్ని ఊరు దాటిస్తుంది. కొత్త సముదాయాల్లో పేదలకు కేటాయించిన వాటాలు పాతవాటికన్నా బాగా తక్కువ. అద్దెదారు కూడా వాడలో భాగమే అన్న ఎరుక ఉన్నట్టయితే, కూల్చడానికి ముందు ఎవరు ఎక్కడికి వస్తారన్న జాబితా తయారయ్యేది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. వాడకు బలం ఇస్తే ఆ బలం బయటివాళ్ల మీద ప్రయోగించరన్న హామీ ఏమిటి? ఈ భయానికి ఆధారాలున్నాయి. న్యూ ఆర్లియన్స్ పక్కనే ఉన్న సెయింట్ బెర్నార్డ్ పారిష్, అంటే అక్కడి లెక్కలో ఒక జిల్లా, 2006లో ఒక శాసనం చేసింది. సొంత రక్త సంబంధీకులకు తప్ప వేరెవరికీ ప్రత్యేక అనుమతి లేనిదే ఇల్లు అద్దెకివ్వరాదట. అక్కడి ఇంటి యజమానుల్లో అత్యధికులు తెల్లవారు. దాని అర్థం ఏమిటో విడిగా చెప్పనక్కర్లేదు. కోర్టు కేసుతో అది రద్దయింది. నిర్వాసితుల కోసం తాత్కాలిక ట్రెయిలర్ ఇళ్లు ఎక్కడ పెట్టాలన్నప్పుడు కూడా, సంఘటితంగా ఉన్న పేటలే మా దగ్గర వద్దని గట్టిగా అడ్డుకోగలిగాయని డేనియల్ ఆల్డ్రిచ్ అనే రాజనీతి పరిశోధకుడు చూపించారు. ఆయన ఇల్లు కూడా కత్రినాలో పోయింది. 2004 సునామీ తర్వాత మన పొరుగున తమిళనాడు తీరంలోనూ ఆయన పరిశీలన చేశారు. మత్స్యకార గ్రామాల కుల పంచాయతీలు సాయాన్ని చకచకా తెచ్చిపెట్టాయి. అవే పంచాయతీలు తయారుచేసిన జాబితాల్లో దళితులకు, వితంతువులకు చోటు దక్కలేదు. కాబట్టి వాడ చేతికి జాబితా రాసే కలం ఇచ్చినవాళ్లు, ఆ జాబితాలో ఎవరు లేరో చూసే బాధ్యత కూడా తీసుకోవాలి. ఈ అభ్యంతరం వాడను పక్కన పెట్టమని చెప్పడం లేదు, వాడంటే ఎవరెవరన్నది చట్టం ముందుగా తేల్చాలని చెబుతోంది. అద్దెకున్నవారు, ఊరి చివర ఉన్నవారు, నిన్నగాక మొన్న వచ్చినవారు, అందరి పేర్లూ ఉంటేనే అది వాడ జాబితా. లేకపోతే పెద్దమనుషుల జాబితా.

కూడు, గూడు లేనప్పుడు బాజాలు, ఊరేగింపులు ఎందుకన్న విమర్శ కూడా అప్పట్లో గట్టిగా వినిపించింది. తుపాను వచ్చిన ఆరు నెలలకు, 2006 ఫిబ్రవరిలో, న్యూ ఆర్లియన్స్ తన ప్రసిద్ధ మార్డి గ్రా ఉత్సవం జరుపుకుంది. శవాలు ఇంకా దొరుకుతుంటే సంబరాలా అని చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆ నగరంలో ఊరేగింపు వెనుక ఉన్న వ్యవస్థ తెలిస్తే ఈ విమర్శ బలహీనపడుతుంది. 'సెకండ్ లైన్' అనే వీధి ఊరేగింపులు నడిపేవి 'సోషల్ ఎయిడ్ అండ్ ప్లెజర్ క్లబ్బులు'. బీమా కంపెనీలు నల్లవారిని దగ్గరికి రానివ్వని రోజుల్లో, నెలనెలా చందాలు వేసుకుని జబ్బు చేస్తే మందులకు, చనిపోతే ఖననానికి సొమ్ము సమకూర్చుకున్న పరస్పర సహాయ సంఘాలే వాటి మూలం. పేరులో సాయం ముందుంది, సరదా తర్వాతే. తుపాను తర్వాత అట్లాంటా నుంచి, హ్యూస్టన్ నుంచి బస్సులెక్కి ఆ ఊరేగింపుల కోసం వచ్చినవాళ్లు ఆ పూటకు తమ వీధి చూసుకున్నారు, ఎవరు తిరిగొచ్చారో తెలుసుకున్నారు, ఫోన్ నంబర్లు రాసుకున్నారు. చర్చి చేసిన పనే ఇది, బాజాలతో చేశారు. అప్పుడు నగర పోలీసు శాఖ ఊరేగింపు రుసుమును బాగా పెంచింది. క్లబ్బులు కోర్టుకు వెళ్తే 2007లో రాజీపడి తగ్గించారు. భద్రత ఖర్చు ఎవరు భరించాలన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ చెదిరిన జనాన్ని కలిపే సాధనం మీద ఆ సమయంలో అంత బరువు మోపడం, బడి తెరిచి ఫీజు పదింతలు చేయడం లాంటిదే.

అన్నిటికన్నా గట్టి వాదన ఇంజినీర్లది, పర్యావరణవేత్తలది. సముద్ర మట్టం కన్నా కిందున్న నేల మీద మళ్లీ ఇళ్లెందుకు కట్టాలి? తేమ నేలల నీరు తోడేకొద్దీ భూమి కుంగుతోంది, తీరం కరుగుతోంది, సముద్రం పెరుగుతోంది. వాడ మీద మమకారంతో జనాన్ని మళ్లీ ముంపులోకి నెట్టడం దయ అవుతుందా? ఇందులో నిజం ఉంది. కొన్ని నేలలు వదలక తప్పదు. అయితే ఎత్తుపల్లాల లెక్క నిజాయితీగా జరగాలి. సంపన్నుల లేక్‌వ్యూ పేట లోయర్ నైన్త్ వార్డ్ కన్నా పల్లంలో ఉంది, అయినా తిరిగి లేచింది. ఆకుపచ్చ చుక్కల పటంలో అసలు లోపం, వెళ్లమన్నారే గాని ఎక్కడికి, ఎంత పరిహారంతో, ఎవరితో కలిసి అన్నది చెప్పకపోవడం. వదలాల్సి వచ్చినా వాడగానే కదలవచ్చనడానికి లూసియానాలోనే ఒక ప్రయత్నం జరిగింది. సముద్రం మింగేసి పాత విస్తీర్ణంలో రెండు శాతం కూడా మిగలని ఐల్ డి జాన్ చార్లెస్ దీవి ఆదివాసీల కోసం 2016లో కేంద్రం 4.8 కోట్ల డాలర్లు ఇచ్చింది. అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మెరక నేల మీద కొత్త ఊరు కట్టి, 2022లో కుటుంబాలను తరలించడం మొదలుపెట్టారు. అదీ సాఫీగా సాగలేదు. నిర్ణయాలు తమ చేతిలోంచి రాష్ట్రం లాక్కుందని తెగ పెద్దలు, ఇళ్లు నాసిరకమని కొందరు నివాసులు ఫిర్యాదు చేశారు. తెగ పెద్దల ఫిర్యాదు నా వాదనకే బలమిస్తుంది. నేల మారినా నిర్ణయం వాళ్ల చేతిలో ఉంటే ఊరు ఊరుగా మిగులుతుంది, లేకపోతే అది ప్రభుత్వ కాలనీ అవుతుంది.

చివరి అభ్యంతరం వామపక్షం నుంచి వస్తుంది, అది కొట్టిపారేయలేనిది. సమాజం తనను తాను నిలబెట్టుకుంటుందని పొగిడేకొద్దీ ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది కదా? నిజమే. కత్రినా తర్వాత పేదల పెద్దాసుపత్రి 'చారిటీ' తలుపులు తిరిగి తెరుచుకోలేదు. దాని స్థానంలో కొత్త ఆసుపత్రి రావడానికి 2015 దాకా పట్టింది. నగర బడుల సిబ్బంది వేల మందిని తొలగించారు. స్వచ్ఛంద సేవకుల చేతులు ఎన్ని ఉన్నా ఆసుపత్రి కట్టలేవు, కరకట్ట కట్టలేవు. కత్రినా తర్వాత కేంద్రం సుమారు 1,450 కోట్ల డాలర్లతో కట్టిన కొత్త రక్షణ వ్యవస్థ వల్లనే, సరిగ్గా పదహారేళ్లకు 2021 ఆగస్టు 29న ఐడా తుపాను వచ్చినప్పుడు నగరం మునగలేదు. ఏ పేట సంఘమూ చేయలేని పని అది. కానీ అదే ఐడాలో నగరమంతా రోజుల తరబడి కరెంటు లేక చీకటైంది. నగరంలో చనిపోయినవారిలో ఎక్కువమంది ఆ ఉక్కపోతకు బలైనవారే, వాళ్లలో వృద్ధులున్నారు. వెయ్యి కోట్ల డాలర్లు దాటిన కట్టలు పక్కవాటాలో ముసలావిడ ఊపిరాడక ఇబ్బంది పడుతున్న సంగతి కనిపెట్టలేవు. దానికి తలుపు తట్టే పొరుగు కావాలి. అందుకే అక్కడి చర్చిలు, సంఘాలు కలిసి చర్చి కప్పుల మీద సౌర ఫలకాలు, బ్యాటరీలు పెట్టి, కరెంటు పోతే ఫోన్ చార్జింగ్‌కు, మందుల శీతలీకరణకు, కాస్త చల్లదనానికి పనికొచ్చే 'కమ్యూనిటీ లైట్‌హౌస్'లు కట్టుకుంటున్నాయి. రాజ్యం చేయాల్సింది రాజ్యం, వాడ చేయగలిగింది వాడ. ఒకదాని పేరు చెప్పి రెండోది తప్పుకోవడానికి వీల్లేదు.

ఈ కథంతా మనకెందుకంటే, 1977 దివిసీమ ఉప్పెన నుంచి 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ దాకా మన తీరం తుపాన్లతోనే బతుకుతోంది. ముందస్తు హెచ్చరికలు, తరలింపులు బాగా మెరుగుపడ్డాయి. ప్రాణనష్టం దివిసీమతో పోల్చలేనంత తగ్గింది. అది గర్వించాల్సిన విషయం. తర్వాతి ఘట్టంలో మాత్రం మనమూ 'రోడ్ హోమ్' దారిలోనే ఉన్నాం. పంటనష్టం అంచనాకు వచ్చే సిబ్బంది ముందు చూసేది పట్టాదారు పేరు. పొలంలో దిగి నష్టపోయింది కౌలు రైతు. ఆంధ్రప్రదేశ్ 2019 కౌలు చట్టం ప్రకారం గుర్తింపు కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి, చాలామంది యజమానులు సంతకం పెట్టరు. కార్డు లేకపోతే నష్టపరిహారం యజమాని ఖాతాకు, అప్పు కౌలుదారు ఖాతాకు. పడవ పోతే పరిహారం పడవ యజమానికి, దాని మీద వేటకు వెళ్లే కలాసీకి బియ్యం, నూనె. న్యూ ఆర్లియన్స్ అద్దెదారుకూ గోదావరి డెల్టా కౌలు రైతుకూ భాష, రంగు వేరు, జాబితాలో పేరు లేకపోవడం ఒకటే. మనకున్న అనుకూలత కూడా చెప్పాలి. ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. ఎవరింట్లో ఎందరు, ఎవరిది అద్దె, ఎవరిది కౌలు, ఎవరు గర్భిణి, ఎవరికి కిడ్నీ జబ్బు అన్నది ఆ మహిళలకు తెలిసినంతగా ఏ సర్వే సిబ్బందికీ తెలియదు. ఆ సమాచారం అధికారిక అంచనాలోకి వచ్చే దారే లేదు.

ఆ దారి వేయడానికి కొత్త చట్టాల కన్నా ముందు కొన్ని నిబంధనలు మారాలి. నష్టపోయినవారి జాబితాను పొదుపు సంఘాలతో కలిసి తయారుచేసి, గ్రామసభలోనో వార్డు సభలోనో బిగ్గరగా చదవాలి. అందులో కౌలుదారులకు, అద్దెదారులకు, కలాసీలకు విడిగా చోటుండాలి. దళితవాడ, ఎస్టీ కాలనీ, చివరి వీధి పేర్లు చదివారా లేదా అని చూసే బాధ్యత ఒక అధికారికి అప్పగించాలి. ఇళ్ల పరిహారం కన్నా ముందు, బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రం, రేషన్ దుకాణం ఫలానా తేదీకి తెరుస్తామని ప్రకటించి ఆ మాట నిలబెట్టుకోవాలి. వెళ్లిపోయిన కుటుంబం తిరిగిరావడానికి అంతకు మించిన భరోసా లేదు. ఇంటి సాయం ఇంటి మార్కెట్ విలువను బట్టి కాకుండా కట్టడానికయ్యే ఖర్చును బట్టి ఇవ్వాలి. తుపాను షెల్టర్లను తాళం వేసి ఉంచకుండా ఏడాది పొడవునా బడిగానో సంఘ భవనంగానో వాడాలి. రోజూ వాడే భవనానికే కప్పు కారకుండా చూసుకునేవాళ్లుంటారు. ఏదైనా ఊరు సముద్రానికి వదలక తప్పదనుకుంటే, కొత్త చోటు చూపించి, ఇరుగుపొరుగు చెదరకుండా, గ్రామసభ ఒప్పుకున్నాకే తరలించాలి. వీటిలో చాలావాటికి ప్రభుత్వం దగ్గర పెద్దగా అదనపు సొమ్ము అక్కర్లేదు, కావాల్సింది లెక్క కట్టే పద్ధతి మార్చుకునే మనసు. తుపాను తర్వాత కలెక్టర్ సమీక్షలో అడిగే మొదటి ప్రశ్న ఎన్ని ఇళ్లు కూలాయన్నది. దానితో పాటు ఎన్ని వాడలు తిరిగి నడుస్తున్నాయని కూడా అడగడం మొదలైన రోజున, ఆ ఇళ్లకు పెట్టిన ప్రజాధనం వృథా కాకుండా ఉంటుంది.